మిల్లు చిమ్నీలో దింపిన గొట్టం

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. హోటళ్ళకీ హాస్టళ్ళకీ ఆస్పత్రులకీ గ్యాసు మీద నీళ్ళు కాచే పెద్ద హీటర్లు బిగించే పని మాది. వాళ్ళు అడిగేవన్నీ హీటరు గురించే. ట్యాంకు ఎంతది పెట్టాలి, బర్నరు ఎన్నాళ్ళకోసారి విప్పాలి, ఇలాంటివి. పొగగొట్టం గురించి మాత్రం ఎవరూ అడగరు. కుళాయిలో వేడినీళ్ళు వచ్చాయంటే పని అయిపోయినట్టే లెక్క. మంట మండాక మిగిలిన గాలి ఎటు పోయిందో ఎవరికీ పట్టదు. అందులో ఉండే విషానికి రంగు లేదు, వాసన లేదు. గదిలో నిండిందంటే అక్కడున్నవాళ్ళు కునుకు తీసినట్టే ఒరిగిపోతారు, మళ్ళీ లేవరు.

అందుకే నేను వాళ్ళకి మిల్లు చిమ్నీ సంగతి చెబుతాను. భయపెడదామనే మొదలుపెడతాను గానీ, చెబుతూ చెబుతూ ఆ భయం సంగతి నేనే మరిచిపోతాను.

విజయనగరానికీ సముద్రానికీ మధ్య ఒక గోనెసంచుల మిల్లు ఉండేది. చుట్టుపక్కల మెట్ట పొలాల్లో పండిన గోగునార బళ్ళ మీద అక్కడికి వచ్చేది. నా ఉద్యోగం మొదలైంది ఆ మిల్లు బాయిలరు గదిలోనే. కాలిన బూడిద తోడి బయట పోయడం నా పని. మీసం కూడా సరిగ్గా రాని వయసు. తలెత్తి చూస్తే చిమ్నీ, తల దించుకుంటే బూడిద, మధ్యలో బొగ్గు వేయించే హెడ్ ఫైర్‌మేన్ తిట్లు. అంతే నా లోకం. మిల్లు మూతపడ్డాక ఎవరి దారి వాళ్ళు చూసుకున్నాం. నేను పైపులు బిగించడం నేర్చుకుని, వేడినీళ్ళ పనుల్లో పడి, ఒక కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీగా స్థిరపడ్డాను. పని మానెయ్యడానికి కొద్దికాలం ముందు మళ్ళీ అదే మిల్లు గేటు ముందు దిగుతానని అనుకోలేదు.

భోగాపురంలో విమానాశ్రయం పనులు ఊపందుకున్నాక ఆ చుట్టుపక్కల హోటళ్ళు లేవడం మొదలైంది. నరసన్నపేట వైపు నుంచి వచ్చిన ఒక వ్యాపారి, పాడుబడ్డ మా మిల్లును కొని హోటలుగా మారుస్తున్నాడు. నేత షెడ్డు భోజనాల హాలయింది. గిడ్డంగులు గదులయ్యాయి. పాత బాయిలరు గదిని మా హీటర్లకి ఇచ్చారు. చిమ్నీ కొస ఏదో తుఫానులో విరిగిపోయింది గానీ, మిగిలిందే ఆరేడు అంతస్తుల ఎత్తుంటుంది. దాన్ని చూసే ఈ మిల్లు కొన్నానని యజమాని అందరికీ చెప్పుకునేవాడు. మాకు ఆయన పెట్టిన షరతు ఒకటే. గోడల మీద మెరిసే స్టీలు గొట్టం ఒక్కటి కూడా కనబడకూడదు. అంత పెద్ద చిమ్నీ ఉండగా వేరే గొట్టం ఎందుకు, పొగ అందులోకే పంపెయ్యండన్నాడు.

ఆయన మాట నాకు సబబుగానే తోచింది. ఆ చిమ్నీ లాగుడు నాకు తెలుసు. ఒకసారి బాయిలరు తలుపు తెరిస్తే నా భుజం మీది తువ్వాలును లోపలికి లాక్కుపోయింది. అదీ దాని బలం.

ఒప్పుకోనిది మా ఇంజినీరమ్మాయి. ఎచ్చెర్ల దగ్గర పల్లెలో వరి పండించే ఇంటి పిల్ల. మా కాంట్రాక్టరు దగ్గర చేరి రెండేళ్ళు కాలేదు. గట్టిగా మాట్లాడదు, ఎవరినీ తొందరపెట్టదు, తను చూడకుండా ఏదీ సరేననదు. అప్పట్లో బొగ్గు మండేది, ఆ పొగ వేడి వేరు, మన హీటరు నుంచి వచ్చేది వెచ్చని ఊపిరంత అని ఆమె వాదన. సరే, వాదనెందుకు, వెలిగించి చూద్దామన్నాం.

తెల్లవారుతూనే మొదటి పరీక్ష పెట్టాం. ఎండాకాలం మొదలవుతోంది గానీ తెల్లవారుజామున ఇంకా చలిగానే ఉంది. హీటరు వెలిగించి, దాని నెత్తిన, చిమ్నీలోకి పోయే గొట్టం మొదలయ్యే సందు దగ్గర ఆ అమ్మాయి అగరొత్తి పట్టుకుంది. పొగ సన్నని దారంలా లేచి, గొట్టంలోకి వంగి, మాయమైంది. యజమాని అందరికీ టీ తెప్పించాడు. నేను కూడా సొంత చిమ్నీ అయినట్టు మురిసిపోయాను. ఆ అమ్మాయి మాత్రం టీ తాగేసి, హీటరు ఆపించి, మధ్యాహ్నం మళ్ళీ చూస్తానంది.

మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. పెంకులు కాలుతున్నాయి. బాయిలరు గదిని ఆనుకుని ఉన్న గదిలో కొందరు ఆడవాళ్ళు కొత్త దుప్పట్లు మడతలు పెడుతున్నారు. రెండు గదులకీ మధ్య తలుపు లేదు, ఉత్త గుమ్మమే. హీటరు వెలిగించాం. ఆమె అగరొత్తి పట్టుకుంది. పొగ పైకి లేచింది. గొట్టం అంచుదాకా వెళ్ళి అక్కడ ఆగింది. ఎవరో పైనుంచి అరచెయ్యి అడ్డం పెట్టినట్టు, అలాగే వణుకుతూ నిలబడింది. తరవాత మెల్లగా వెనక్కి తిరిగింది. మా మొహాల ముందు నుంచి కిందికి దిగి, గుమ్మంలోంచి ఆ ఆడవాళ్ళ వైపు సాగింది.

పొగ చుట్టుముట్టి ఉక్కిరిబిక్కిరైన గదులు చాలా చూశాను. అంత నెమ్మదిగా, అంత సన్నగా, మనిషిని వెతుక్కుంటూ పోతున్నట్టు పోయే పొగను ఎప్పుడూ చూడలేదు. అగరొత్తి వెలిగించబట్టి కనబడింది. లేకపోతే అదే దారిలో అదే గాలి కనబడకుండా పోతుండేది.

ఆ అమ్మాయి కంగారుపడలేదు. నన్ను వాల్వు కట్టెయ్యమని, తను గుమ్మం దాటి వెళ్ళి ఆడవాళ్ళని బయటికి పంపింది. పని నచ్చక పొమ్మంటోందేమోనని వాళ్ళు మొహాలు ముడుచుకుంటూ వెళ్ళారు. అప్పటికి ఆమె నడుముకున్న, విషగాలిని పసిగట్టే గ్యాస్ మీటరు కూయడం మొదలుపెట్టింది.

బయట చెట్టు నీడలో నిలబడి యజమానికీ నాకూ కలిపి చెప్పింది. రాత్రంతా చల్లబడ్డ ఆ లావుపాటి ఇటుక గోడ మధ్యాహ్నమైనా చల్లగానే ఉంటుంది. బయట గాలేమో వేడెక్కిపోతుంది. దాంతో చిమ్నీలో ఉన్న చల్లని గాలి బరువుగా కిందికి దిగుతుంది. పొద్దున పైకి లాగిన చిమ్నీయే మధ్యాహ్నం కిందికి తోస్తుంది. మన హీటరు పొగకి దాన్ని ఎదిరించే సత్తువ లేదు.

యజమాని తలెత్తి చిమ్నీ వైపు చూశాడు.

“అయితే సిమ్నీ సచ్చిపోనాదంటావా తల్లీ?” అని అడిగాడు.

“సావలేదండి. దాని పొట్ట పెద్దది, మన పొగ దానికి సాలదు. పొట్టలోంచి సన్నగొట్టం ఒకటి దింపుదాం. బయటికి కనబడదు” అంది.

అలా మొదలైంది అసలు పని. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన, చుట్టగా చుట్టుకునే గొట్టం ఒకటి తెప్పించాం. చుట్టూ నిప్పుకి కాలని దూది, ఆ దూది జారిపోకుండా తీగ వల. దాన్ని చిమ్నీ నెత్తి మీద నుంచి అడుగుదాకా దింపాలి. సన్నగొట్టం కాబట్టి హీటరు వెలగగానే వేడెక్కుతుంది, వేడెక్కితే గాలి దానంతటదే పైకి పరిగెడుతుంది. చెప్పడానికి ఇంతే. దింపడానికి మాత్రం మనుషులు కావాలి.

ఆ మనుషుల్ని తీసుకొచ్చినవాడు ఒక ఖలాసీ. బరువైనవాటిని మోకులతో కప్పీలతో ఎత్తడం దించడం వీళ్ళ పని. భోగాపురం అవతల సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. ఇంట్లో అందరూ చేపల వేటకి పోయేవాళ్ళే. ఇతనొక్కడూ రేవులో ఖలాసీగా చేరి, తరవాత విమానాశ్రయం పైకప్పు ఇనుము ఎత్తే పని దాకా వచ్చాడు. ఎండకి కమిలిన మొహం, కురచ మనిషి. వచ్చిన రోజే నన్ను బావా అని పిలిచాడు. ఏ వరసని బావనయ్యానని అడిగాను.

“తాడు అటు కొస నీ సేతిలో, ఇటు కొస నా సేతిలో. ఇంకేటి వరస కావాల” అన్నాడు.

చిమ్నీ చుట్టూ ఇనప పైపులతో పరంజా లేపి, పైన పలకలు పరిచి, మూడుకాళ్ళ స్టాండుకి కప్పీ కట్టడానికే చాలా రోజులు పట్టింది. గొట్టం దింపే రోజున పొద్దున్నే పైకెక్కాం. నేనూ ఖలాసీ, అతని మనుషులూ పైన. ఇంజినీరమ్మాయి కింద, పూర్వం మసి తియ్యడానికి పెట్టిన ఇనప తలుపు దగ్గర. గొట్టం కొసకి కట్టిన తాడు ఆమె దగ్గరకి జారుతుంది, ఆమె దగ్గరున్న ఇద్దరు దాన్ని లాగుతూ ఉంటారు.

నేను కుర్రతనంలో అంత కాలం దాని కింద పనిచేశాను గానీ, దాని నెత్తి మీద నిలబడింది అదే మొదలు. ఒక పక్క చంపావతి ఏటి ఇసుక మేటలు, జీడితోటలు. ఇంకో పక్క విమానాశ్రయం క్రేన్లు అగ్గిపుల్లల్లా. వాటి వెనక సముద్రం ఒక గీత. ఇటు తిరిగి చిమ్నీలోకి తొంగి చూస్తే ఏమీ లేదు. నల్లగా, చల్లగా, మసి వాసన వేసే ఖాళీ. ఖలాసీ నా బెల్టు కొక్కెం ఇంకోసారి లాగి చూశాడు.

మొదట్లో గొట్టం చక్కగా దిగింది. చుట్ట విప్పుతుంటే పాములా జారిపోతోంది. చిమ్నీ ఎత్తులో మూడో వంతు దిగిందో లేదో, ఆగిపోయింది. కింద లాగినా రాదు, పైన కదిపినా కదలదు. ఇంకో ఇద్దరు కలిసి లాగుతామన్నారు. వాకీటాకీలో ఆ అమ్మాయి గొంతు వినిపించింది. లాగొద్దండి, చిరిగిపోతుంది, ఒకసారి చిరిగితే ఎక్కడ చిరిగిందో కూడా మనకి కనపడదు అంది.

మా కష్టం ఇంకొకటుంది. గొట్టం మూడింట రెండు వంతులు ఇంకా పరంజా మీదే ఉంది. ఆ కాలంలో పొద్దు తిరిగితే దక్షిణపు గాలి లేస్తుంది. గాలి పట్టిందంటే ఆ చుట్ట ఊగి, పట్టుకున్నవాళ్ళని పలకల మీద నుంచి లాగేస్తుంది. వెనక్కి పైకి లాగుదామా అంటే, చిక్కుకున్న కొస పైకీ రాలేదు. అటూ ఇటూ కాకుండా మధ్యలో ఇరుక్కున్నాం. ఖలాసీ సముద్రం వైపు చూశాడు. తరవాత చిమ్నీలోకి చూశాడు.

“నాను దిగుతాను బావ” అన్నాడు.

నేను ఏదో అనబోయేలోపు కింద నుంచి ఆ అమ్మాయి, ముందు గాలి చూడకుండా ఎవరూ దిగడానికి వీల్లేదంది. గ్యాస్ మీటరు తాడుకి కట్టి పంపించింది. దాన్ని చిమ్నీలోకి దింపి, కాసేపుంచి, పైకి లాగి అంకెలు చదివి వినిపించాను. ఇంకొంచెం లోతుకి దింపమంది. మళ్ళీ చదివాను. అప్పుడు సరేనంది. కింద ఇనప తలుపు బార్లా తీయించింది.

తాడు కుర్చీలో కూర్చుని ఖలాసీ లోపలికి దిగాడు. అతని హెల్మెట్ లైటు నల్లటి గోడ మీద గుండ్రంగా తిరుగుతూ చిన్నదైపోయింది. తరవాత ఇటుక గీరిన చప్పుడు. గోడకి లోపలి వైపు వేడి తట్టుకునే ఇటుకతో ఇంకో వరస కట్టి ఉంటుంది. ఆ వరస అంతమైన చోట గట్టులా ఉంది, రెండు మూడు ఇటుకలు ఊడి ముందుకు జారాయి, గొట్టం కొస వాటి వెనక దూరింది. ఇదంతా అతను చెబుతుంటే, మాకన్నా కింద ఉన్న ఆ అమ్మాయికే బాగా వినిపించిందట. ఇనప తలుపులోంచి, పక్కనే నిలబడి మాట్లాడుతున్నట్టు వినబడిందని తరవాత చెప్పింది.

ఊడిన ఇటుకలు ఒక్కొక్కటీ బకెట్లో పెట్టి పైకి పంపాడు. ఒక్క పెళ్ళ కూడా కింద పడనివ్వలేదు. చివరికి గొట్టం ఒక్కసారి వణికింది. వదలండి, మెల్లగా వదలండి అని కేక. మేం వదిలాం. అది జారడం మొదలుపెట్టింది. జారుతూ జారుతూ, చుట్టంతా కరిగిపోయి, కింద నుంచి ఆ అమ్మాయి “వచ్చీసింది” అనేదాకా మేమెవరం గొట్టం మీంచి చూపు తిప్పలేదు. పైకొస బిగించేశాక చూస్తే, దక్షిణపు గాలి అప్పుడే నా చొక్కా ఎగరేస్తోంది.

పని అయిపోయింది కదా, పైకి రమ్మని ఖలాసీకి చెప్పాను. మళ్ళీ పిలిచాను. అప్పుడు పలికాడు, గొంతు చాలా తగ్గించి.

“బావ, నువ్వొకపాలి దిగాల. ఇది నువ్వు సూడాల.”

నా వయసూ నా మోకాళ్ళూ చెప్పాను. ఏముందో నువ్వే చెప్పు చాలన్నాను. చెబితే తెలిసేది కాదన్నాడు. అంత అల్లరి మనిషి అలా మెత్తగా మాట్లాడటంతో కాదనలేకపోయాను. అతని మనుషులు నన్ను ఇంకో కుర్చీలో కూర్చోబెట్టి, చంటిపిల్లాడిని ఉయ్యాల్లో దింపినట్టు దింపారు.

లోపల గాలి బావి దగ్గరలా చల్లగా ఉంది. పైన ఆకాశం పళ్ళెమంత. బయట శబ్దాలన్నీ ఆగిపోయి, నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. ఖలాసీ పక్కకి చేరాక, ఇటుకలు తీసిన సందులో అతను టార్చి పట్టుకున్నాడు.

బయటి గోడకీ, లోపలి వరసకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. అక్కడికి పొగ ఎప్పుడూ చేరలేదు. చిమ్నీ అంతా కాటుకలా ఉంటే, ఆ సందులో సున్నం నిన్న వేసినట్టు తెల్లగా ఉంది. ఆ సున్నం మీద అరచేతుల గుర్తులు. తాపీ పట్టే చోటు కాదది, చిమ్నీ కట్టినవాళ్ళు చేత్తోనే సున్నం కూరి అదిమారు. అయిదు వేళ్ళూ, అరచేతి గీతలూ, గోళ్ళ అంచులూ అన్నీ తెలుస్తున్నాయి. ఒకటి కాదు. టార్చిని సందులో పక్కకి తిప్పితే వెలుగు పోయినంత మేరా చేతులే, వరసన, పైనా కిందా, గోడ వంపుతో పాటు తిరుగుతూ.

“సరిగ్గా సూడు” అన్నాడు ఖలాసీ.

చూశాను. అందులో ఒక చేతికి చిటికెన వేలు వంకర. ఆ వంకర వేలు మళ్ళీ మళ్ళీ కనిపించింది. దాని పక్కనే ప్రతిసారీ ఇంకో చెయ్యి ఉంది, చిన్నది. అరచేతి కింద సున్నంలో సన్నగా గాజుల నొక్కులు. వంకర వేలు, గాజులు. వంకర వేలు, గాజులు. వెలుగు అందనంత దూరం దాకా అలాగే.

“ఈలిద్దరూ పక్కపక్కనే పని సేసుకుంటా సుట్టూరా తిరిగినారు బావ” అన్నాడు. కొంచెం ఆగి, “ఈలకి తాడు కుర్సీ ఎవులిచ్చినారు?” అన్నాడు.

సున్నం చేతుల్ని తినేస్తుంది. అంత ఎత్తున, ఏ పలక మీద నిలబడి చేశారో. ఇటుకలు పేర్చేశాక ఎవరికీ కనబడని చోట, అంత ఒత్తుగా, ఎక్కడా సందు లేకుండా ఎందుకు కూరారో. మేస్త్రీ చూస్తున్నాడనా? ఆ సందులోకి ఏ మేస్త్రీ చూడగలడు? కూరిన ఆ సున్నం అంత గట్టిగా ఉండబట్టే తుఫానుకి కొస విరిగినా ఈ భాగం నిలబడిందని తరవాత ఆ అమ్మాయి చెప్పింది గానీ, ఆ క్షణంలో నాకు అదేమీ తోచలేదు. నేను బూడిద తోడిన రోజుల్లో నా నెత్తి మీద వీళ్ళు ఉన్నారన్న ఒక్క సంగతే తోచింది. రోజూ ఉన్నారు. హెడ్ ఫైర్‌మేన్ తిడుతున్నప్పుడూ ఉన్నారు, మిల్లు గేటుకి తాళం పడినప్పుడూ ఉన్నారు.

వేలితో ముట్టుకుందామని చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. ఖలాసీ కూడా ముట్టుకోలేదు.

మేం పైకొచ్చి కూడా కిందికి కబురు చెప్పకపోతే, ఇంజినీరమ్మాయి ఏదో జరిగిందనుకుని పరంజా ఎక్కి వచ్చేసింది. ఊడిన ఇటుకలు తిరిగి కట్టించాలి కాబట్టి ఎలాగూ తను చూడాలి. కొలతలకని టేపు పట్టుకుని దిగింది. చాలాసేపటికి పైకొచ్చింది. చెంపన మసి, కళ్ళు ఎటో చూస్తున్నాయి. కొలతలు ఎంతమ్మా అని అడిగాను.

“తీసాను మేస్త్రీగారూ. ఎంతో మర్సిపోనాను” అంది. ఆమె నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే. మళ్ళీ దిగి కొలుచుకొచ్చింది.

యజమానికి చెబితే ఆయనా చూస్తానన్నాడు గానీ, పరంజా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాడు. భారీ మనిషి, పైగా ఎత్తంటే భయం. కింద ఇనప తలుపు దగ్గర వంగి, తల లోపలికి పెట్టి పైకి చూస్తూ ఉండిపోయాడు. అక్కడి నుంచి ఏమీ కనబడదు, మా స్టీలు గొట్టం తప్ప. బయటికొచ్చి తల మీది మసి దులుపుకుంటూ, చిన్నప్పుడు తన తండ్రి అంత దూరం నుంచి గోగునార బండి తోలుకుని ఈ మిల్లుకే వచ్చేవాడని చెప్పాడు. ఆ సంగతి అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రమే సందు మూసేశాం. తెరిచి ఉంచితే మిగిలిన ఇటుకలు ఒదులై మా గొట్టం మీద పడతాయి. ఇటుకలు పెట్టి సున్నం కూరింది ఖలాసీయే. తాపీ ఎందుకు పట్టుకెళ్ళలేదని అడిగితే, కిందే మరిచిపోయానన్నాడు. అతని మాట నేను నమ్మలేదు. పైకొచ్చాక సున్నం తిన్న చేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చున్నాడు, అంతే. ఫొటో తీయాలని కూడా మాకెవరికీ తోచలేదు. పైనుంచి జారి కింద ఎవరి మీదైనా పడతాయని ఫోన్లు ముందే కింద పెట్టించేసింది ఆ అమ్మాయి.

రెండు రోజుల తరవాత, మంచి ఎండలో, మిట్టమధ్యాహ్నం హీటరు వెలిగించాం. అగరొత్తి పొగ లేచింది. గొట్టం అంచుదాకా వెళ్ళింది. అక్కడ ఆగలేదు. ఎవరో పైనుంచి దారం లాగినట్టు సర్రున లోపలికి పోయింది. ఆ అమ్మాయికి అది చాలలేదు. తలుపులూ కిటికీలూ మూయించింది. వంటింట్లో గాలి లాగే పెద్ద ఫ్యాను వేయించి మళ్ళీ చూసింది. పొగ కొంచెం వంగింది, మళ్ళీ నిలదొక్కుకుని పైకే పోయింది. దుప్పట్ల ఆడవాళ్ళు గుమ్మం బయట నిలబడి, ఇప్పుడైనా లోపలికి రావచ్చా అని అడిగారు. ముందు తను వెళ్ళి ఆ గదిలో ఒక స్టూలు వేసుకుని, మీటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం దాకా కూర్చుంది. ఆ తరవాతే వాళ్ళని రమ్మంది.

ఆమె అలా కూర్చుని ఉండగానే నేను పైకెక్కాను. గొట్టం టోపీ కింద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా, తడిగా, నెమ్మదిగా ఊపిరి తగిలింది. నా ఉద్యోగంలో ఎన్ని గొట్టాల మీద అలా చెయ్యి పెట్టి చూశానో. అది పనిలో భాగం, ఏమీ అనిపించదు. ఆ రోజు మాత్రం చెయ్యి తియ్యాలనిపించలేదు. కింద ఖలాసీ మనుషులు పరంజా విప్పడం మొదలుపెట్టి, మేస్త్రీ దిగుతాడా, పైనే ఉండిపోతాడా అని అరిచాక దిగాను.

ఆ తరవాత కొద్ది నెలలకే పని మానేశాను. ఇంజినీరమ్మాయి ఇప్పుడు పెద్ద పనులు చూస్తోంది. ఖలాసీ ఎక్కడ కప్పీ బిగించి ఉంటే అక్కడుంటాడు, నెలకోసారి ఫోన్ చేసి బావా, బతికున్నావేటి అని అడుగుతాడు. చిమ్నీలో దాగి ఉన్నవాళ్ళ గురించి మేం ముగ్గురం ఎప్పుడు కలిసినా ఎక్కువ మాట్లాడుకోం. ఎందుకో మాట్లాడితే తగ్గిపోతుందనిపిస్తుంది.

మొన్న చలికాలంలో విజయనగరం వెళ్ళే బస్సులో ఆ దారిన పోతున్నాను. పొద్దున్న మంచు బాగా పట్టింది. నా పక్క సీటులో ఒక ముసలామె, ఒళ్ళో ఎండుచేపల బుట్ట. మిల్లు దగ్గర బస్సు మలుపు తిరుగుతుంటే చిమ్నీ కనిపించింది. వేసవిలో అయితే దాని మీద ఏమీ కనబడదు. అంత చలిలో మాత్రం, మా గొట్టంలోంచి వచ్చే తడి గాలి తెల్లని ఆవిరై, సన్నగా పైకి లేస్తోంది. ముసలామె ముందుకు వంగి కిటికీ చువ్వ పట్టుకుంది.

“మిల్లు మళ్ళీ తెరిసినారేటి బావూ?” అని అడిగింది. వయసులో ఉన్నప్పుడు తను అక్కడ సంచులు కుట్టేదాన్నని చెప్పింది.

లేదమ్మా, హోటలు పెట్టారు, అక్కడ దిగేవాళ్ళకి నీళ్ళు కాస్తున్నారు అన్నాను. ఆమె నా మాట విన్నదో లేదో తెలియదు. బస్సు దాటిపోతుంటే మెడ వెనక్కి తిప్పి ఆ ఆవిరి కేసే చూస్తోంది. చిమ్నీ కనుమరుగయ్యాక ఇటు తిరిగి, బుట్ట సర్దుకుంటూ అంది.

“ఎవులికైతే ఏటిలే. పొయ్యి ఎలుగుతున్నాది కదా.”